క్లెంపరర్ నిజంగా అంత నెమ్మదా? పన్నెండేళ్లు విన్నాక నా మాట

జర్మనీలోని కొలోన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో ఓట్టో క్లెంపరర్ సీడీల పెట్టె కొన్నాను. ఈయన కండక్టర్, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి అందర్నీ కలిపి నడిపించేవాడు. బేథోవెన్ ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనలు, సింఫనీలన్నీ, ఉన్నాయి. ఒక డిస్కు మీద గీతలున్న సంగతి అమ్మినాయన చెప్పలేదు. ఇంటికొచ్చి పెడితే నాలుగో సింఫనీ మధ్యలో ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతోంది. ఆ సింఫనీ నాకు ఇప్పటికీ సరిగ్గా పట్టుబడలేదంటే తప్పు బేథోవెన్‌ది కాదు. మిగతావి మాత్రం అరిగేదాకా విన్నాను. తర్వాత బ్రామ్స్, మాలర్ లాంటి స్వరకర్తల రచనలు, పాటలతో నడిచే నాటకాలైన ఒపెరాలు ఒక్కోటీ వచ్చి చేరాయి.

క్లెంపరర్ పేరెత్తగానే ఎవరైనా ముందు అనే మాట "నెమ్మది". మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు బేథోవెన్ మూడో సింఫనీ 'ఎరోయికా' పెడితే, "ఏంట్రా, ఈయన మధ్యలో కునుకు తీశాడా?" అంది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మనిషి, చౌకకాలం ఆవిడకి కొత్త కాదు. అయినా అలా అంది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

ఆ అభిప్రాయాన్ని మొదట కదిలించింది మాలర్ రెండో సింఫనీ. 1960ల మొదట్లో లండన్‌లోని ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో క్లెంపరర్ చేసిన రికార్డింగ్ 79 నిమిషాలే, ఒక్క సీడీలో సరిపోతుంది. చాలామంది కండక్టర్లకి అదే సింఫనీకి రెండు కావాలి. 1951లో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో చేసింది ఇంకా వేగం, పరుగే. ఈయనకీ ఆ సింఫనీకీ పాత బంధం ఉంది. 1905లో బెర్లిన్‌లో దాన్ని వాయించినప్పుడు, వేదిక వెనకాల వాయించే బృందాన్ని నడిపించింది ఇరవయ్యేళ్ల క్లెంపరరే. మాలర్ స్వయంగా వచ్చి విన్నాడు. రెండేళ్ల తర్వాత వియన్నా వెళ్లి, అందులో ఒక భాగాన్ని మాలర్ ముందు పియానో మీద చూడకుండా వాయించాడు. మాలర్ ఒక చిన్న కార్డు మీద సిఫార్సు రాసిచ్చాడు. ఆ కార్డుతోనే ప్రాగ్‌లోని జర్మన్ థియేటర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ కార్డు చివరిదాకా ఆయన దగ్గరే ఉంది.

నేనుండే ఊళ్లో ఆయన 1917 నుంచి 1924 దాకా ఒపెరా నడిపాడు. కోర్న్‌గోల్డ్ ఒపెరా 'డీ టోటె ష్టాట్' 1920 డిసెంబర్ 4న హాంబుర్గ్‌లోనూ ఇక్కడా ఒకే రాత్రి మొదలైంది. ఇక్కడ కండక్టర్ ఈయనే. ఆ ఒపెరా ఉన్న రోడ్డు మీదుగానే నేను రోజూ ట్రామ్‌లో వెళ్తాను. పాత ఒపెరా భవనం మాత్రం లేదు, యుద్ధంలో దెబ్బతిన్నాక కూల్చేశారు.

నెమ్మది సంగతికొస్తే, ఆయన ఒంటి మీద పడిన దెబ్బల లెక్క తెలియకుండా మాట్లాడకూడదు. 1939లో మెదడులో కణితికి ఆపరేషన్. తర్వాత కుడివైపు పాక్షికంగా పక్షవాతం. 1951లో మాంట్రియల్ విమానాశ్రయంలో పడి తుంటి ఎముక విరిగింది, అప్పటినుంచి చాలాకాలం కూర్చునే కండక్ట్ చేశాడు. 1958లో పైపు తాగుతూ నిద్రపోతే పక్కబట్టలకి నిప్పంటుకుంది. ఆర్పుదామని చేతికందిన సీసా ఒంపితే అది కర్పూరం కలిపిన స్పిరిట్! ఒళ్లంతా కాలింది. మరుసటి ఏడాదే ఫిల్హార్మోనియా ఆయన్ని జీవితాంతం ప్రధాన కండక్టర్‌గా పెట్టుకుంది.

1955 'ఎరోయికా' మోనోలో ఉంది, అంటే ధ్వనంతా ఒకే చోటి నుంచి వస్తుంది; 1959ది స్టీరియో, ఎడమా కుడీ విడిగా వినిపిస్తాయి. రెండూ వెంటవెంటనే వింటే ఆయన మారిన తీరు తెలుస్తుంది. నా ఓటు మోనోకే. రెండో భాగంలో, శవయాత్ర నడకలో, ఊదే వాద్యం ఓబో పైకి లేచినప్పుడు కింద బేస్‌లు, అంటే మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యాలు, ఎంత బరువుగా అడుగేస్తాయో అందులో తెలుస్తుంది. స్టీరియోలో ధ్వని బాగుంది, కానీ ఆ బిగువు కాస్త సడలింది. ఒక మాట చెప్పాలి, వంట చేస్తూ వినేది కాదిది. కుక్కర్ రెండు విజిల్స్ వేసేసరికి ఆ ఓబో కాస్తా పోతుంది.

స్టీరియో ఎందుకు కావాలో చెప్పేది చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ, 1961 రికార్డింగ్. క్లెంపరర్ మొదటి వయొలిన్లని ఎడమన, రెండో వయొలిన్లని కుడిన కూర్చోబెట్టేవాడు. అప్పటికే చాలామంది అందర్నీ ఒకే వైపు పెట్టేస్తున్నారు. ఈ సింఫనీ చివరి భాగం మొదట్లో వినిపించే వరసని నిజానికి ఏ ఒక్కరూ వాయించరు. ఒక స్వరం వీళ్లు, తర్వాతి స్వరం వాళ్లు. అందర్నీ ఒక పక్కన పెడితే అది మామూలు వరసలాగే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ రికార్డింగ్ వినండి, ఆ ఏడుపు ఈ చెవి నుంచి ఆ చెవికి ఊగుతుంది. నాకది తెలియడానికి నాలుగేళ్లు పట్టింది, అదీ హెడ్‌ఫోన్స్ కొత్తవి కొన్నాక.

చనిపోయినవాళ్ల కోసం పాడే బ్రామ్స్ 'జర్మన్ రెక్వియం' కూడా 1961దే. మా నాన్న పోయిన ఏడాది దీన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదటి భాగంలో వయొలిన్లే ఉండవు, బ్రామ్స్ అలాగే రాశాడు. ధ్వని కిందే ఉంటుంది, నేల మీద కూర్చున్నట్టు. రెండో భాగం శవయాత్రలాంటిది, కానీ తాళం లెక్క మూడు. మనిషికి కాళ్లు రెండే కదా, అందుకే ఆ నడక ఎక్కడా కుదురుకోదు. అడుగున టింపనీ అనే పెద్ద డోలు ఆగకుండా కొడుతూనే ఉంటుంది. క్లెంపరర్ ఇక్కడ ఎవర్నీ ఓదార్చడానికి చూడడు. నాకు కావలసిందీ అదే.

ఒపెరాల్లో మొదట కొనాల్సింది బేథోవెన్ 'ఫిడేలియో', 1962. చెరసాల్లో ఉన్న భర్తని విడిపించడానికి భార్య మగవేషంలో అక్కడే పనికి చేరే కథ. క్రిస్టా లుడ్విగ్, జాన్ వికర్స్ పాడారు. ఖైదీలు కాసేపు వెలుతురులోకి వచ్చే కోరస్ ఎంత మెల్లగా మొదలవుతుందంటే, సౌండ్ పెంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాం. బెర్లిన్‌లో క్రోల్ ఒపెరాని 1927లో క్లెంపరర్ ప్రారంభించింది కూడా ఈ 'ఫిడేలియో'తోనే. కొత్త సంగీతం, కొత్త రంగాలంకరణ అంటూ నాలుగేళ్లు నడిపాడు, 1931లో మూసేశారు. 1933లో పార్లమెంటు భవనం తగలబడ్డాక సభ్యులు ఆ క్రోల్ భవనంలోనే సమావేశమై, మార్చి 23న హిట్లర్ చేతికి అధికారమంతా అప్పగించే చట్టం చేశారు. యూదు కుటుంబంలో పుట్టిన క్లెంపరర్ ఏప్రిల్ మొదట్లో దేశం విడిచి వెళ్లిపోయాడు. ఇది తెలిశాక ఆ ఖైదీల కోరస్ నాకు మునుపటిలా వినిపించడం లేదు.

ఇక నచ్చనివి. మొత్సార్ట్ ఒపెరా 'మాజిక్ ఫ్లూట్' (1964)లో పాడినవాళ్లంతా ఉద్దండులే, కానీ పాటల మధ్య వచ్చే సంభాషణలు మొత్తం తీసేశారు. పాట వెనక పాట వస్తూ ఉంటే కథ తెలియనివాళ్లకి అంతా గందరగోళం. మొత్సార్ట్‌దే హాస్య ఒపెరా, 1971 'కోసీ ఫాన్ తుత్తే' నాటికి ఆయనకి ఎనభై అయిదు నిండాయి. అల్లరి చేయాల్సిన చోట కూడా పెద్దాయన ఆచితూచి అడుగేస్తుంటే నాకు ఆవలింతలొచ్చాయి. 1968 మాలర్ ఏడో సింఫనీ దాదాపు 100 నిమిషాలు, మామూలుగా 80 చుట్టూ అయిపోతుంది. దాన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. పన్నెండేళ్లలో నేను చివరిదాకా విన్నది రెండుసార్లే, అందులో ఒకటి రైల్లో.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మోనో 'ఎరోయికా' కొనండి, తర్వాత 'రెక్వియం', తర్వాత 'ఫిడేలియో'. మాలర్ ఏడు కొనాలనిపిస్తే ఆగండి, నాది ఇచ్చేస్తాను.