తేలిక సరుకుకు తపాలాయే మేలు: విదేశీ పార్సిళ్ల ఖర్చుపై ఒక బొమ్మల వ్యాపారి సమీక్ష

విశాఖపట్నం నుంచి ఏటికొప్పాక లక్క బొమ్మలను విదేశాల్లోని తెలుగువారికి పంపే చిన్న వ్యాపారం మాది. కొన్నేళ్లుగా మా పార్సిళ్లలో ఎక్కువ భాగం తపాలా శాఖ ఇ.ఎం.ఎస్. (అంతర్జాతీయ) స్పీడ్‌పోస్టులో, తపాలా శాఖ ఎగుమతి కేంద్రమైన డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా వెళ్తున్నాయి. తొందరున్నవి మాత్రం ప్రైవేటు కొరియర్లో పంపుతాం. మా సరుకుకు తపాలాయే గిట్టుబాటు. మీ సరుకు వేరైతే లెక్క తారుమారు కావచ్చు.

మా లెక్కంతా అంకుడు కర్రను బట్టి. ఆ కర్రతో చేసిన బొమ్మ చేతికి తేలిక, పెట్టెలో మాత్రం దండిగా చోటు తింటుంది. ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కొరియర్లు త్రాసుతో సరిపెట్టుకోవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ వచ్చిన అంకె, అసలు తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. మా దసరా బొమ్మల కొలువు సెట్టు తూకం 4 కిలోలు. మొదట్లో వాడిన 45×35×30 పెట్టెలో అది 9.45 కిలోలకు తేలేది, పై అర కిలోకు సవరిస్తే 9.5. సగానికి పైగా డబ్బు గాలికే కట్టాలన్నమాట! అట్టపెట్టెలు చేసేవారితో 40×30×25 కొలతకు చేయించి, రాజు రాణి బొమ్మలను పడుకోబెట్టి, మధ్య సందుల్లో లక్కపిడతలను సర్దితే అదే సెట్టు 6 కిలోలకు దిగింది.

అక్కడితో అయిపోలేదు. ఒక ప్రైవేటు సంస్థ పెట్టె తీసుకెళ్లాక గోదాములో మళ్లీ కొలిచింది. మూత కాస్త ఉబ్బినందుకు 25 కాస్తా 26 అయింది, 6 కిలోలు ఆరున్నర అయ్యాయి, సవరించిన బిల్లు వచ్చింది. ఇంధన సర్‌చార్జీ సరేసరి. అప్పటి నుంచి పెట్టెకు అడ్డంగా పట్టీ బిగించి, పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీసిన తర్వాతే అప్పగిస్తున్నాను.

ఇ.ఎం.ఎస్.లో మా పెట్టెలకు త్రాసు బరువే లెక్క. మొదటి 250 గ్రాములకు ఒక ధర, ఆపై ప్రతి 250 గ్రాములకూ అదనం. 2,010 గ్రాములు తూగితే 2,250కి కట్టాల్సిందే. అందుకే ఇంట్లోనే తూచి, పది గ్రాములు దాటితే పెట్టె లోపలి రెక్కల అంచు కత్తిరిస్తాను. బబుల్ షీటు జోలికి మాత్రం పోను. చిలక ముక్కు విరిగితే మిగిలిన పొదుపంతా దాని కిందకే పోతుంది.

నిర్యాత్ కేంద్రంతో అసలు లాభం కాగితాల పనిలో ఉంది. ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే కోడ్) ఒకసారి 500 రూపాయలు కట్టి తీసుకుంటే, తపాలా ఎగుమతి బిల్లు పోర్టల్‌లోనే నింపవచ్చు. కస్టమ్స్ గడప తొక్కే పని లేదు. వివరణలో ఊరికే ‘బొమ్మలు’ అని రాయకండి. కొలువులో పెట్టే అలంకరణ చెక్క బొమ్మలకు కస్టమ్స్ వర్గీకరణ కోడ్ 4420, పిల్లలు ఆడుకునేవాటికి 9503. రెండోదానికి అమెరికాలో పిల్లల వస్తువుల భద్రతా నిబంధనలు కూడా వర్తిస్తాయి. వేగం విషయానికొస్తే ప్రైవేటుదే పైచేయి. ఇ.ఎం.ఎస్. పార్సిల్ సరిహద్దు దాటాక అక్కడి తపాలా చేతిలోకి వెళ్తుంది, కొనుగోలుదారుకు ఈ సంగతి ముందే చెప్పాలి.

ఇక 2025. అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకు ఇస్తున్న సుంకం మినహాయింపును ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అక్కడికి బుకింగులు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. దసరా అక్టోబరు 2! మా ఏడాది అమ్మకాలకు ఆయువుపట్టయిన కొలువు వేళ మొత్తం ఆ మధ్యలోనే పోయింది. ఆగలేనివారికి కొరియర్లో పంపాం, లాభం వదులుకుని. తిరిగి తెరిచాక ప్రకటించిన విలువలో 50 శాతం సుంకాన్ని ఇక్కడే ముందుగా కట్టించుకున్నారు. భారమే, కానీ కొనుగోలుదారుకు గుమ్మం దగ్గర హఠాత్తుగా బిల్లు రాదు కాబట్టి నాకు ఆ పద్ధతే నచ్చింది. ‘బహుమతి అని రాసెయ్యండి’ అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. రాయను. అది అబద్ధపు ప్రకటన, ఎగుమతిదారుగా సంతకం నాది.

ఇప్పుడు మా ధరల పట్టికలో బొమ్మ ధర, రవాణా, సుంకం మూడు వేర్వేరు వరుసలు. ‘ఉచిత రవాణా’ తీసేశాం. న్యూజెర్సీకి అయ్యే ఖర్చును సింగపూర్‌వారి నెత్తిన వేయడం న్యాయం కాదు. అమెరికాకు కొలువు ఆర్డర్లు జులై చివరికల్లా ముగిస్తున్నాం. ఇత్తడి విగ్రహాల్లాంటి చిన్న, బరువైన సరుకు అమ్మేవారికి పెట్టె కొలతతో పేచీ ఉండదు కాబట్టి, రెండు చోట్లా ధర అడిగి చూసుకోండి.