టీఎల్‌ఈ, టీఎల్‌డీ: రెండూ ఏళ్ల తరబడి వాడాక

హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ (వైరస్‌ను అణచే మందుల చికిత్స) సెంటర్లో మునుపు ఇచ్చిన మాత్ర టీఎల్‌ఈ, ఇప్పుడిస్తున్నది టీఎల్‌డీ. రెండింట్లోనూ టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300 మిల్లీగ్రాములే. తేడా మూడో మందులో ఉంది: ఒకదాంట్లో ఎఫావిరెంజ్ 600, ఇంకోదాంట్లో డోలుటెగ్రావిర్ 50. రెండూ వాడాక మా ఓటు టీఎల్‌డీకే.

ఎఫావిరెంజ్ వైరస్‌ను బాగానే అణచుతుంది, కానీ మనిషిని అలసగొడుతుంది. తల తిరగడం, పీడకలలు, పొద్దున లేచాక మత్తు. నూనె ఎక్కువైన భోజనం మీద వేసుకుంటే మందు రక్తంలో మరింత చేరి ఇవన్నీ ముదురుతాయి. అందుకే ఖాళీ కడుపుతో, పడుకునే ముందు వేసుకోవాలి. కొందరిని దిగులు పట్టుకుని వదలదు. 2013లో ఫలితాలు వెలువడిన ‘సింగిల్’ అనే ట్రయల్‌లో, తోడు మందులు వేరైనా, 48 వారాలకు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) మిల్లీలీటరుకు 50 కాపీల లోపుకు దిగినవాళ్లు డోలుటెగ్రావిర్ వైపు 88 శాతం, ఎఫావిరెంజ్ వైపు 81. దుష్ప్రభావాలతో మానేసినవాళ్లు డోలుటెగ్రావిర్ వైపు 2 శాతమైతే ఎఫావిరెంజ్ వైపు 10. గెలుపులో పెద్ద వాటా అక్కడే ఉంది.

ఇంకో సంగతి. మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే ఎఫావిరెంజ్ ఒక్కటే చాలా రోజులు ఒంట్లో ఉండిపోతుంది. ఒంటరి మందుకు వైరస్ ఒకే మార్పుతో లొంగకుండా పోగలదు. డోలుటెగ్రావిర్‌కు అంత తేలిగ్గా ఎదురు తిరగలేదు.

టీఎల్‌డీతో చిక్కులు లేవా? ఉన్నాయి. బరువు పెరుగుతుంది. జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన ‘అడ్వాన్స్’ అనే ట్రయల్‌లో 48 వారాలకు డోలుటెగ్రావిర్‌ను టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్‌తో (టీఎల్‌డీలో ఉండే రకం) కలిపి వాడినవాళ్లకు సగటున 3 కిలోలు, కొత్త రకం టెనోఫోవిర్ అలాఫెనమైడ్‌తో వాడినవాళ్లకు 6 కిలోలు పెరిగాయి. ఎఫావిరెంజ్ వైపు 1 కిలో. నిద్ర పట్టకపోతే మాత్రను పొద్దుటికి మార్చుకోవచ్చు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష లెక్క) మొదటి నెలలోనే కాస్త పెరిగి అక్కడే ఆగుతుంది. అది కిడ్నీ దెబ్బ కాదు. ఆగకుండా పెరుగుతున్నా, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా టెనోఫోవిర్‌ను అనుమానించాలి.

చాలామంది తప్పేది గ్యాస్ మందు దగ్గర. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ డోలుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టేస్తుంది. మాత్ర వేసుకున్నాక 2 గంటలకు యాంటాసిడ్ తాగాలి, లేదా అది తాగిన 6 గంటల తర్వాత మాత్ర. కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్‌తో ఈ బెడద లేదు. ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్‌తోపాటే, అన్నంతో కలిపి వేసుకోవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా డాక్టరుతో మాట్లాడుకోవాలి.

టీబీకి రిఫాంపిసిన్ మొదలైతే డోలుటెగ్రావిర్ 50 ఇంకొకటి 12 గంటల తేడాతో వేసుకోవాలి, రిఫాంపిసిన్ ఆపాక మరో రెండు వారాలు కూడా.