జిరాక్స్ షాపు ఉబుంటులో కప్స్: ఉంచుకోండి, కప్స్-బ్రౌజ్డ్‌ను మాత్రం ఆపేయండి

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల జిరాక్స్ షాపులో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుంటే ప్రింటింగ్ అంతా కప్స్ (CUPS) అనే సాఫ్ట్‌వేర్ చేతిలోనే. హాల్‌టికెట్ల రోజు జాబులు వరసగా పడుతున్నా క్యూ తడబడదు, పైసా ఖర్చు లేదు. ఐదుకు నాలుగు మార్కులు. పోయిన మార్కు దాంతోపాటు వచ్చే కప్స్-బ్రౌజ్డ్ (cups-browsed) అనే సర్వీసు వల్ల.

నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికి తనే జోడించడం దీని పని. 2024 సెప్టెంబరులో సెక్యూరిటీ పరిశోధకుడు సిమోనే మార్గరిటెల్లి బయటపెట్టిన లోపాల గొలుసు ఇక్కడే మొదలైంది. యూడీపీ 631 పోర్టుకు (నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే దారుల్లో ఒకటి) ఎవరు ప్యాకెట్ పంపినా నమ్మి, అందులోని చిరునామాకు వెళ్లి ప్రింటర్ వివరాలు అడిగేది. అవి సరిచూడకుండానే ప్రింటర్ సెట్టింగులుండే పీపీడీ ఫైల్లోకి చేరేవి. వాటిలో దాచిన కమాండును ఫూమాటిక్-రిప్ (జాబును ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) నడిపేది. ఆ దొంగ ప్రింటర్‌కు ఎవరైనా ప్రింట్ ఇస్తేనే ఇది పారుతుంది, అదీ అన్ని అధికారాలుండే రూట్‌గా కాదు, ప్రింటింగ్ పనులకు వాడే ఎల్‌పీ యూజర్‌గా. అప్పట్లో జరిగినంత హడావుడి అక్కర్లేదు గానీ, కౌంటర్ దగ్గర రద్దీలో ప్రింటర్ పేరు చూసేదెవరు?

ప్యాచ్‌లు వచ్చేశాయి, ముందు అప్‌డేట్ చేయండి. ఉబుంటు 18.04కు మామూలు సపోర్టు 2023లోనే అయిపోయింది కాబట్టి అది మార్చాల్సిందే. తర్వాత కప్స్-బ్రౌజ్డ్ సర్వీసును స్టాప్ చేసి, డిజేబుల్ కూడా చేయాలి. స్టాప్ ఒక్కటే చేస్తే రీబూట్ కాగానే మళ్లీ లేస్తుంది.

ఫైర్‌వాల్‌లో అదే నంబరున్న మరో దారి టీసీపీ 631 మూసేసి ఊరుకోవద్దు, తలుపు తెరిచి ఉండేది యూడీపీలో. అదీ మూస్తే బయటి ఇంటర్నెట్ నుంచి రక్షణ. కస్టమర్లకూ అదే వైఫై ఇచ్చే షాపుల్లో ఎండీఎన్ఎస్ (ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు తమ ఉనికిని చాటుకునే పద్ధతి) దారి ఇంకా మిగిలే ఉంటుంది, అందుకే సర్వీసు ఆపడమే అసలు మందు. కస్టమర్లకు గెస్ట్ వైఫై వేరుగా పెడితే ఇంకా నయం.

ఆపాక యూఎస్‌బీ ప్రింటర్లకు ఏమీ కాదు. దానంతటదే చేరిన నెట్‌వర్క్ ప్రింటర్ మాయమైతే బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 631 (localhost:631) తెరిచి, అడ్మినిస్ట్రేషన్‌లో యాడ్ ప్రింటర్ నొక్కి, ఐపీపీ (నెట్‌వర్క్ ప్రింటింగ్ ప్రోటోకాల్) అడ్రసుతో చేతితో జోడించండి. అంతకుముందే రౌటర్లో ప్రింటర్‌కు ఐపీ ఫిక్స్ చేయాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక అడ్రసు మారి జాబులు క్యూలో ఇరుక్కుంటాయి.

ఫూమాటిక్-రిప్‌నే పీకేయమనే సలహా కూడా వినిపిస్తుంది. ఫూ2జెడ్‌జేఎస్ డ్రైవరుతో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ నడుపుతుంటే ఆ జోలికి వెళ్లకండి, ప్రింటరే ఆగిపోతుంది.