బోర్డు కింద ఉన్న ఆ ట్రాకుల సంగతి నాకు ముందే తెలిసుంటే

వింగ్ ఫాయిలింగ్ మొదలుపెట్టి 14 నెలలైంది. చేతిలో పట్టుకున్న వింగ్‌ను గాలి లాగుతుంటే, అడుగున ఫాయిల్ అనే నీటి రెక్కలున్న బోర్డు మీద నిలబడి, నీటికి పైన తేలిపోతూ వెళ్ళే ఆట ఇది. ఇప్పటికి ఇంచుమించు 60 సార్లు నీళ్ళలోకి దిగాను, అన్నిసార్లూ ఈ ఒక్క సెట్టుతోనే. నా బరువు 78 కిలోలు. బోర్డు 115 లీటర్లు, బోర్డుకూ ఫాయిల్‌కూ మధ్య నిలువుగా ఉండే అల్యూమినియం మాస్ట్ 75 సెంటీమీటర్లు, నీటి కింద ఉండే ఫ్రంట్ వింగ్ 2000 చదరపు సెంటీమీటర్లు, చేతిలో పట్టుకునే వింగ్ 5 చదరపు మీటర్లు. కొత్తవాళ్ళకి ఎవరైనా చెప్పే కొలతలే ఇవి. వీటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను రాయాలనుకున్నది బోర్డు అడుగున ఉండే రెండు ట్రాకుల గురించి.

మాస్ట్ ప్లేటును బోర్డుకు బిగించడానికి పొడవుగా ఉండే రెండు గాడులవి. వాటి మధ్య ఎడం 90 మిల్లీమీటర్లు. లోపల అటూ ఇటూ జరిగే నాలుగు ఇత్తడి నట్లు, వాటిలోకి దిగే నాలుగు బోల్టులు. బోల్టులు కాస్త వదులు చేస్తే మాస్ట్ మొత్తం ముందుకో వెనక్కో జరుగుతుంది. కొన్న రోజు వాటిని చూసి, మాస్ట్ బిగించే చోటు ఇదన్నమాట అనుకుని వదిలేశాను. రెండు నెలల తర్వాత గానీ వాటి విలువ నాకు అర్థం కాలేదు.

ఆ రెండు నెలలూ పడటమే. మోకాళ్ళ మీద నుంచి లేచి నిలబడటం నాలుగైదు రోజుల్లో వచ్చేసింది. చేతి వింగ్ కూడా పెద్దగా ఏడిపించలేదు. ఇంతకుముందు విండ్‌సర్ఫింగ్ చేసినవాణ్ణి కాబట్టి గాలి ఎటు నుంచి వస్తోందో, వెనక చెయ్యి ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో శరీరానికి తెలుసు. బోర్డు వేగం అందుకునేది, అడుగున చప్పుడు మారేది, ఇదిగో లేస్తోంది అనుకునేలోపు ముక్కు ఆకాశం వైపు తిరిగిపోయేది. ఒక ఆదివారం పట్టుదలగా లెక్కపెట్టాను: రెండున్నర గంటల్లో 43 సార్లు పడ్డాను.

ఈ ఆటలో పడటం రెండు రకాలు. ముక్కు నీటికి తగిలి ముందుకు పడటం మొదటిది. బోర్డు ఆగిపోతుంది, మనం ముందుకు వెళ్ళి నీళ్ళలో పడతాం, ఫాయిల్ మన వెనకాలే ఉండిపోతుంది. దాంతో పెద్ద ఇబ్బంది లేదు. నాది రెండో రకం. ముక్కు లేచేకొద్దీ ఇంకా లేచేది. ఫ్రంట్ వింగ్ నీటి పైకి తేలేసరికి దాని మీదికి గాలి దూరి, అప్పటిదాకా మమ్మల్ని మోస్తున్న లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, ఒక్కసారిగా పోయేది. కాళ్ళ కింద నుంచి బోర్డు ముందుకు జారిపోయేది, నేను వెల్లకిలా పడేవాణ్ణి. అలా పడేటప్పుడు ఫాయిల్ ఎక్కడుందో మన కంటికి కనపడదు, అదే భయం. మూడో వారంలో స్టెబిలైజర్ (ఫాయిల్ వెనక ఉండే చిన్న రెక్క) అంచు మోకాలి కింద ఎముకకు తగిలింది. ఆ నల్లటి మచ్చ నెలన్నర ఉంది.

అందుకే అన్నిటికన్నా ముందు పడటం నేర్చుకున్నాను. ఇక ఆపుకోలేమని తెలిసిన క్షణంలోనే బోర్డును కాళ్ళతో అవతలికి నెట్టి, పక్కకి, వీలైనంత వెడల్పుగా పడాలి. తల ముందుంచి దూకకూడదు. పైకి తేలేటప్పుడు ఒక చెయ్యి తల మీద అడ్డం పెట్టుకోవాలి. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ లేకుండా నేను ఒక్కసారీ దిగలేదు. గట్టిగా చెప్పదలిచింది ఇంకొకటుంది: గాలి ఒడ్డు నుంచి నీళ్ళ లోపలి వైపుకి వీస్తున్న రోజున కొత్తవాళ్ళు దిగకూడదు. పడ్డ ప్రతిసారీ గాలివాలుకు కొంచెం కొంచెం కొట్టుకుపోతూనే ఉంటాం. 43 సార్లు పడ్డ రోజున అది ఎంత దూరమవుతుందో నాకు తెలుసు.

ఇన్నిసార్లు పడుతుంటే ఎవరికైనా తప్పు తనదే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ముందు కాలి మీద బరువు వెయ్యమని అందరూ చెప్పే మాటే. వేస్తున్నాననే అనుకున్నాను. ఇంటి దగ్గర ఒంటికాలి మీద నిలబడటం, మోకాళ్ళు వంచి గోడకు ఆనుకోవడం లాంటి వ్యాయామాలు కూడా మొదలుపెట్టాను. ఒక దశలో టెన్షన్ ఎంత పెరిగిందంటే, గాలి బాగున్న రోజున కూడా బయల్దేరబుద్ధి అయ్యేది కాదు.

మా దగ్గర ఫాయిలింగ్ చేసే ఒక కుర్రాడు, నాకన్నా బాగా చిన్నవాడు, ఒకరోజు నేను పడటం ఒడ్డు మీద నుంచి చాలాసేపు చూశాడు. బయటికి రాగానే దగ్గరికొచ్చి, "అన్నా, ఒకసారి బోర్డు తిరగెయ్యండి, మాస్ట్ ఎక్కడ బిగించారో చూద్దాం" అన్నాడు. తిరగేశాను. చూసీ చూడగానే, "ఇది బాగా ముందుకుంది. ఒక వేలు మందం వెనక్కి జరపండి" అన్నాడు. నిజానికి నేను దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. సెట్టు అమ్మినవాళ్ళు, త్వరగా లేస్తుందని చెప్పి, వాళ్ళే ముందుకు పెట్టి బిగించి ఇచ్చారు. నేను కడిగి, ఆరబెట్టి, అలాగే మళ్ళీ వాడుతూ వచ్చాను.

దాని వెనకున్న లెక్క తర్వాత అర్థమైంది. నీటి సాంద్రత గాలి కన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ. అందుకే చేతిలోని వింగ్‌లో 25వ వంతు మాత్రమే ఉండే ఆ కింది రెక్క నన్నూ బోర్డునూ కలిపి మోసేస్తుంది. కోణం మారకపోయినా వేగం 10 నుంచి 14కి పెరిగిందంటే లిఫ్ట్ దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ లిఫ్ట్ మన బరువు పడే చోటికి సరిగ్గా కింద ఉండాలి. మాస్ట్ ముందుకు ఉంటే లిఫ్ట్ కూడా మనకన్నా ముందు పడి ముక్కును లేపుతుంది. ముక్కు లేస్తే కోణం పెరుగుతుంది, కోణం పెరిగితే లిఫ్ట్ ఇంకా పెరుగుతుంది. నేను దాన్ని అదిమిపట్టాలని చూసే సమయానికే ఆట అయిపోయేది.

అక్కడే ఇసుకలో కూర్చుని అలెన్ కీతో నాలుగు బోల్టులూ వదులు చేశాం. అతను టేపు పెట్టి కొలిచి ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక్కి జరిపాడు, రెండు ట్రాకుల్లోనూ సమంగా ఉందో లేదో రెండుసార్లు చూశాడు. మళ్ళీ దిగాను. గాలి 15 నుంచి 18 నాట్లు, అంటే గంటకు 28 నుంచి 33 కిలోమీటర్లు. ఈసారి వేగం అందుకున్నాక కూడా బోర్డు లేవలేదు, నీటిని అంటుకునే పోతోంది. వెనక కాలు కాస్త నొక్కాను. అరచెయ్యంత ఎత్తు లేచింది. లేచి, అక్కడే ఆగింది. ముక్కు ఎగరలేదు. రెండు నెలల్లో మొదటిసారి, గాల్లో ఉండగా కాళ్ళతో ఏం చెయ్యాలో ఆలోచించుకోడానికి నాకు సమయం దొరికింది. అలా అరవై డెబ్బై మీటర్లు వెళ్ళాను. చివరికి పడ్డాను, కానీ ముందుకు పడ్డాను. ఆ రోజు మొత్తం 17 సార్లే పడ్డాను, అందులో వెల్లకిలా పడింది మూడుసార్లు. నీళ్ళలో తేలుతూ ఒడ్డు మీదున్న ఆ కుర్రాడికి చెయ్యి ఊపాను. గొంతు పట్టేసి మాట రాలేదు.

ఆ సాయంత్రమే పర్మనెంట్ మార్కర్‌తో ట్రాకు పక్కన మూడు గీతలు గీసుకున్నాను. అమ్మినవాళ్ళు బిగించిన చోట 'అ', కుర్రాడు జరిపిన చోట 'ఆ', ఇంకో సెంటీమీటరు వెనక 'ఇ'. కొన్ని బోర్డుల మీద కొలతలు అచ్చువేసే వస్తాయి, నా దాని మీద లేవు. గాలి జోరుగా ఉండి వేగం ఎక్కువయ్యే రోజున 'ఇ'కి జరిపేవాణ్ణి, లిఫ్ట్ అంతగా ఇబ్బంది పెట్టేది కాదు. ఆ నాలుగైదు నెలల్లో ఎవరు అడిగినా ఒకటే చెప్పాను: పడుతున్నారా, ముందు మాస్ట్ జరిపి చూడండి.

ఇప్పుడు ఆ మాట అంత ధీమాగా చెప్పను. ఒక కారణం, ఆరో నెలలో వచ్చిన చిక్కు. వరసగా మూడు వారాలు వెళ్ళడం కుదరలేదు, మాస్ట్ ఊడదీయకుండా బోర్డును అలాగే మూలన పెట్టేశాను. స్టీలు బోల్టు, అల్యూమినియం ప్లేటు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పునీరు నిలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. తీద్దామని చూసేసరికి బోల్టు తలల చుట్టూ సున్నంలాంటి తెల్లటి పొడి, నాలుగూ బిగుసుకుపోయి ఉన్నాయి. వేడినీళ్ళు పోశాను, తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రంతా వదిలేశాను, పొద్దున్నే సుత్తితో మెల్లగా తట్టాను. మూడు వచ్చాయి. నాలుగో దాని తలలో అలెన్ కీ పట్టే పళ్ళు అరిగిపోయి కీ గిర్రున తిరిగింది. చివరికి తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆ తలను డ్రిల్లుతో కొట్టేసి ప్లేటు ఊడదీశాడు. మిగిలిన మొండిని ప్లయర్‌తో పట్టుకుని నట్టుతో సహా ట్రాకు చివరి నుంచి బయటికి లాగాం. డ్రిల్లు పక్కకి జారితే ట్రాకు పగులుతుందేమోనని ఆ అరగంట నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

అప్పటి నుంచి దిగిన ప్రతిసారీ మాస్ట్ ఊడదీసి మంచినీళ్ళతో కడుగుతున్నాను. మరల మీద పలచగా, ఉప్పునీటికి పనికొచ్చే గ్రీజు రాస్తున్నాను. ట్రాకు లోపల ఇసుక రేణువులు చేరి నట్లు కదలవు, వాటిని పాత టూత్‌బ్రష్‌తో తీస్తాను. దీనికి ప్రతిసారీ పావుగంట పోతుంది. అలసిపోయి వచ్చిన రోజున ఆ పావుగంట బరువే.

ఇంకో కారణం చెప్పడానికి కాస్త మనసు కష్టంగా ఉంది. మాస్ట్ జరపడం అలవాటైపోయాక, బాగా పడ్డ రోజల్లా ఒడ్డుకొచ్చి బోర్డు తిరగేసేవాణ్ణి. అర సెంటీమీటరు ముందుకి, అర సెంటీమీటరు వెనక్కి. ఏ రోజుకారోజు కొత్త చోటు కావడంతో కాళ్ళకు ఏదీ అలవాటు కాలేదు. ఎనిమిదో నెలలో నా వీడియో ఒకటి చూసుకుంటే అసలు విషయం తెలిసింది: మోకాళ్ళ మీద నుంచి లేచేటప్పుడు నా రెండు పాదాలూ ఉండాల్సిన చోటికన్నా వెనక పడుతున్నాయి. విండ్‌సర్ఫింగ్‌లో వేగం అందుకున్నాక బరువు వెనక్కి తీసుకునే అలవాటు నాది. దాన్నే ఇక్కడికి మోసుకొచ్చాను. మాస్ట్‌ను వెనక్కి జరిపితే జరిగేదీ, పాదాలను అంతే దూరం ముందుకు వేస్తే జరిగేదీ ఇంచుమించు ఒకటే. బోర్డు పైన కూడా చిన్న గీత గీసుకుని, ముందు పాదం దాని మీదే పడేలా ఒడ్డు మీద సాధన చేశాను. పాదం ముందుకొచ్చేకొద్దీ 'ఆ' దగ్గర బోర్డు లేవడానికి బద్ధకించసాగింది. మెల్లగా మాస్ట్‌ను ముందుకు తెచ్చుకుంటూ వచ్చాను. ఇప్పుడది 'అ' గీతకు అర సెంటీమీటరు వెనకుంది. అంటే నేను రెండు నెలలు వెల్లకిలా పడ్డ చోటికి దాదాపు తిరిగొచ్చాను, ఇప్పుడు అక్కడ హాయిగా వెళ్తున్నాను. అమ్మినవాళ్ళ మీద పెంచుకున్న కోపం కూడా ఆ మేరకు తగ్గింది. అయినా, కొత్తవాడికి బోర్డు చేతికిచ్చేటప్పుడు ఇది జరుగుతుందని ఒక్క మాట చెప్పి ఉండాల్సిందనే ఇప్పటికీ అనుకుంటాను.

మరి ఆ ఒకటిన్నర సెంటీమీటర్లు వృథానా అంటే, నా వరకు కాదు. ఆ రోజు అది జరపకపోతే ఎనిమిదో నెల దాకా నేను ఈ ఆటలో ఉండేవాణ్ణే కాదు. తప్పు పాదంలో ఉన్నా, దాన్ని దిద్దుకునేదాకా నీటి పైన నిలబెట్టింది ఆ ట్రాకే. కానీ పక్కన శిక్షకుడు ఉండి మొదటి రోజే పాదాలు చూసి చెబితే మీకు దీని అవసరం రాకపోవచ్చు. విండ్‌సర్ఫింగ్ అలవాటు లేనివాళ్ళు, నాకన్నా బాగా తేలికైనవాళ్ళు ఇదే చోట మొదటి వారంలోనే లేచిపోవచ్చు కూడా. వారానికి ఒక్కసారే దిగగలిగే నాలాంటివాళ్ళైతే, వరసగా రెండు మూడు వారాలు వెల్లకిలానే పడుతుంటే, ఒక్కసారి వేలు మందం వెనక్కి జరిపి, ఆ తర్వాత కనీసం ఐదుసార్లు దిగేదాకా మళ్ళీ దాన్ని ముట్టుకోకుండా చూడండి. నేను తప్పింది అక్కడే.

సెట్టులో మిగతావాటి గురించి: 2000 ఫ్రంట్ వింగ్ 20 నాట్లు దాటిన గాలిలో నాకు మరీ ఎక్కువగా లేస్తోంది, మలుపుల్లో మొండికేస్తోంది. మొదటి ఆర్నెల్లూ దాన్ని ఎంత మెచ్చుకున్నానో నాకు గుర్తుంది, ఆ దశకు అది సరైనదే. పోయిన వారం 1400ది తెచ్చుకున్నాను. దాని లిఫ్ట్ పడే చోటు వేరు కాబట్టి పాత గీతలు దీనికి పనికిరావు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో 'అ', 'ఇ' తుడిచేశాను. 'ఆ' మాత్రం అలాగే ఉంచాను.