మా మనవడికి కొన్న మూడొందల ఎనభై రూపాయల పాటీ కుర్చీ

మా ఇద్దరు ఆడపిల్లలకీ నేను కాళ్ళ మీదే దొడ్డికి అలవాటు చేశాను. కాళ్ళు బారచాపుకుని కూర్చుని, రెండు పాదాల మధ్య కాస్త సందు వదిలి, కింద పాత పేపరు పరిచి, బిడ్డని పాదాల మీద కూర్చోబెట్టి "ఉస్స్" అంటే పని అయిపోయేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేను. అందుకే మా అమ్మాయి వేసవికి రెండేళ్ళ నాలుగు నెలల కొడుకుని కాకినాడలో నా దగ్గర వదిలి, "జూన్‌లో ప్లేస్కూల్లో వెయ్యాలమ్మా, ఈలోగా డైపర్ మాన్పించు" అని బెంగళూరు వెళ్ళిపోయాక, పిల్లలు దొడ్డికి కూర్చునే కుర్చీ (పాటీ) కొనక తప్పలేదు.

మొదట అల్లుడు ఆన్‌లైన్‌లో ఒకటి పంపాడు. కారు ఆకారం, స్టీరింగు, లైట్లు, తడి తగిలితే మోగే పాట. 1,700 చిల్లర పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ ఎత్తు జానెడు దాటింది. పిల్లాడు కూర్చుంటే మునివేళ్ళే నేలకి తగులుతున్నాయి, మడమలు ఆనడం లేదు. తొలిసారి చుచ్చు పడగానే అడుగు నుంచి పాట ఒక్కసారిగా మోగింది. వాడు ఉలిక్కిపడి సగంలోనే లేచొచ్చి నా చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నాడు. బ్యాటరీలు తీసేసినా మళ్ళీ దాని దగ్గరికి రాలేదు.

అక్కడ నేనూ పొరపాటు చేశాను. రెండు రోజులు పట్టుబట్టి కూర్చోబెట్టాను. వాడు మూడు రోజులు బిగబట్టుకున్నాడు. నాలుగో రోజు గట్టిగా వచ్చి, వాడు ఏడుస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే విడమరిచి చెప్పారు: నొప్పి పుడితే పిల్లలు ఆపుకుంటారు, ఆపుకున్నకొద్దీ మలం ఇంకా గట్టిపడుతుంది. ఓ పదిరోజులు ఆ కుర్చీ మాటెత్తకుండా డైపరే వెయ్యమన్నారు. పాలు రోజుకి అరలీటరు దాటనివ్వొద్దని, మంచినీళ్ళు, బొప్పాయి పండు బాగా పెట్టమని చెప్పారు. కారు కుర్చీ తిరిగి ఇచ్చేద్దామంటే, వాడిన పాటీ వెనక్కి తీసుకోం అన్నారట అమ్మినవాళ్ళు. అలా డబ్బూ పోయింది, పదిరోజులూ పోయాయి.

ఆ పదిరోజులయ్యాక మెయిన్ రోడ్డులో బకెట్లు, మగ్గులు అమ్మే ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకి వెళ్ళి ఇది తెచ్చాను. నీలం రంగు, ఒంటి ముక్క కుర్చీ, లోపల ఊడొచ్చే గిన్నె, ముందు మగపిల్లల చుచ్చు బయటికి చిమ్మకుండా చిన్న అడ్డు. అంతే. ఎత్తు జానెడు కూడా లేదు. ఆ తక్కువ ఎత్తే దీని గొప్ప. వాడు కూర్చోగానే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాయి, మోకాళ్ళు తుంటి కంటే కొంచెం పైకి లేచాయి. మనం గొంతుక్కూర్చున్నప్పుడు మలద్వారం దగ్గరి కండరం వదులై పని సులువవుతుంది కదా, ఇదీ దాదాపు అలాంటి కూర్చోడమే. కాళ్ళు వేలాడితే పిల్లలు ముక్కడానికి పట్టు దొరకదు. కమోడ్ మీద వేసే చిన్న సీటు కొనేవాళ్ళు కాళ్ళ కింద పీట తప్పకుండా వెయ్యండి.

కుర్చీని హాల్లో కిటికీ పక్కన పెట్టాను. రెండు రోజులు వాడి ఎలుగుబంటి బొమ్మని కూర్చోబెట్టాను తప్ప వాణ్ణి రమ్మనలేదు. ఆ తర్వాత పొద్దున్న టిఫిను తిన్న పావుగంటకి, కడుపు కదిలే వేళ చూసి, ఐదు నిమిషాలు కూర్చోమనేదాన్ని. లేస్తానంటే వదిలేసేదాన్ని. ఐదో రోజు ఇడ్లీ తిని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. మాట లేదు, మొహం ఎర్రబడింది, ఒక మడమ పైకెత్తాడు. నాకు తెలిసిపోయింది. "రా నాన్నా" అని చెడ్డీ దించి కూర్చోబెట్టాను. నా చూపుడు వేలు గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఆ పట్టు సడలింది. లేచి గిన్నెలోకి వంగి చూసి "అమ్మమ్మా, నాదే!" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫ్లష్ చప్పుడంటే వాడికి భయం, అందుకని వాడు బయటికెళ్ళాకే గిన్నె కమోడ్‌లో ఒంపేదాన్ని.

లోపాలు లేకపోలేదు. కుర్చీ అడుగున రబ్బరు లేదు, టైల్స్ మీద జారుతుంది. రబ్బరు చాప ముక్క కోసి కింద వేస్తే సరిపోయింది. ముందున్న అడ్డు చాలా పొట్టి. పిల్లాడు వెనక్కి జరిగి కూర్చోకపోతే చుచ్చు ముందుకి చిమ్ముతుంది. మూత సరిగా బిగుసుకోదు. కొత్తలో వారం రోజులు ప్లాస్టిక్ వాసన కొట్టింది, సబ్బునీళ్ళతో కడిగి డాబా మీద ఎండలో పెడితే పోయింది. బరువైన పిల్లలకి సీటు ఇరుకనిపిస్తుంది. కడగడం మాత్రం హాయి. గిన్నెలో మూలలు లేవు, మురికి ఇరుక్కునే సందులు లేవు.

డజను నూలు చెడ్డీలు కూడా కొన్నాను. మన ఎండకి గంటలో ఆరతాయి, డైపర్‌తో వచ్చిన ఎర్ర పొక్కులు కూడా తగ్గిపోయాయి. చుచ్చు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. రాత్రి ఇంకా పక్క తడుపుతున్నాడు. దానికి తొందర లేదు, చాలామంది పిల్లలకి అది ఏళ్ళు పడుతుంది, తిట్టకూడదు.

జూన్‌లో శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వాణ్ణి దింపడానికి వెళ్తూ ఈ కుర్చీని సంచిలో పెట్టుకున్నాను. కాట్పాడి దాటాక, తెల్లారి లేచి, "అమ్మమ్మా, నా కుర్చీ" అని బెర్తు కింద చూపించాడు.