వర్చువల్‌బాక్స్: ఆగిపోయిన ఇన్‌స్టలేషన్‌కు కారణం వెతకనిచ్చే సాఫ్ట్‌వేర్

ఉన్న విండోస్‌ను కదపకుండా ఉబుంటు 24.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోవాలనుకునేవారికి, కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషిన్‌ను) సృష్టించే, 2010 నుంచి ఒరాకిల్ సంస్థ చేతిలో ఉన్న వర్చువల్‌బాక్స్‌ను నేను నిస్సంకోచంగా సూచిస్తాను; దాని ప్రధాన భాగం ఉచితం, పైగా ఓపెన్ సోర్స్.

నా మొదటి ప్రయత్నంలో మాత్రం ఫైళ్లు కాపీ అవుతున్న దశలోనే ఇన్‌స్టలేషన్ గంటకు పైగా కదలకుండా నిలిచిపోయింది. పొరపాటు నాదే: ఉబుంటు డెస్క్‌టాప్‌కు 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ కావాలని చదివి కూడా, వర్చువల్ మెషిన్‌కు 2 జీబీ ర్యామ్, ఒక్క ప్రాసెసర్ మాత్రమే కేటాయించాను.

కారణం వెతకడానికి ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆధారాలే నాకు బాగా నచ్చాయి. మెషిన్ విండో అడుగున ఉండే గుర్తుల్లో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్‌లో హైపర్-వి అనే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే విండోస్ సొంత ఏర్పాటు) పనిచేస్తున్నందువల్ల వర్చువల్‌బాక్స్ ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని నేరుగా వాడుకోలేక, ఆ హైపర్‌వైజర్ మీదుగా నెమ్మదిగా నడుస్తోందని అర్థం. ఆ సంగతి లాగ్ ఫైలులోనూ నమోదవుతుంది. విండోస్ భద్రతా సెట్టింగ్‌లలో కోర్ ఐసోలేషన్ కింద ఉండి, అదే హైపర్‌వైజర్‌ను వాడుకునే మెమరీ ఇంటిగ్రిటీని ఆపితే తాబేలు పోవచ్చు గానీ, అది భద్రత కోసం చేసిన ఏర్పాటు కనుక, ర్యామ్ సరిచేయకముందే దాని జోలికి వెళ్లడం సరికాదని నా అభిప్రాయం. ర్యామ్‌ను 4 జీబీకి, ప్రాసెసర్లను రెండుకు పెంచి, ఉబుంటు ఇన్‌స్టలేషన్‌కు వాడే ఐఎస్ఓ ఫైలు చెడిపోలేదని దాని ఎస్‌హెచ్‌ఏ256 విలువను సరిపోల్చి చూసుకుని మళ్లీ మొదలుపెట్టగా పని ఆటంకం లేకుండా పూర్తయింది.

వర్చువల్ మెషిన్‌లో విండోస్ 11 పెట్టదలచినవారు వర్చువల్‌బాక్స్ 7.0 లేదా ఆ తర్వాతి వెర్షన్‌నే తీసుకోవాలి. విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయాలైన వర్చువల్ టీపీఎం (భద్రతా చిప్‌కు సాఫ్ట్‌వేర్ రూపం), సెక్యూర్ బూట్ దానితోనే వచ్చాయి.