వారం మాత్రల డబ్బా: మతిమరుపుకి సరే, అనుమానానికి కాదు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వైపు మందుల షాపుల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా వారం మాత్రల డబ్బాలు ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. రోజుకో గది చొప్పున 7 గదులది ఒకటి, రోజుకి నాలుగు పూటల లెక్కన 28 గదులది ఇంకొకటి. బీపీ, సుగర్, థైరాయిడ్ అన్నీ కలిసి రోజుకి నాలుగైదు బిళ్లలు మింగే పెద్దవాళ్లున్న ఇంటికి రెండోది కొనొచ్చు. ఒక్క బీపీ బిళ్లే వాడేవాళ్లకి ఏదీ అక్కర్లేదు. స్ట్రిప్ వెనక స్కెచ్ పెన్నుతో వారాలు రాసుకుంటే సరిపోతుంది.

అయితే డబ్బులు పెట్టేముందు ఒకటి తేల్చుకోవాలి. బిళ్ల మర్చిపోయి తప్పడం వేరు, వద్దనుకుని మానేయడం వేరు. డబ్బా మొదటిదానికే పనికొస్తుంది. దీర్ఘకాలిక జబ్బులకి మందులు రాసినట్టు వాడేవాళ్లు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదిక చెప్పింది. మిగతావాళ్లంతా మతిమరుపు మనుషులేం కాదు. ఆస్తమా, కిడ్నీ, గుండె, క్యాన్సర్ జబ్బులున్న 324 మందిని బ్రిటన్‌లో రాబ్ హార్న్, జాన్ వైన్‌మన్ అనే పరిశోధకులు పరిశీలించి 1999లో ప్రచురించారు. మందు ఎంత అవసరమనుకుంటున్నారు, దానివల్ల ఏం కీడు జరుగుతుందని భయపడుతున్నారు అనే ఈ రెండింటి తూకాన్ని బట్టే వాడకం ఎక్కువగా తేలింది. వయసు, చదువు లాంటివి అంతగా తేల్చలేదు.

ఆ తూకం మన ఊళ్లలో ఎలా ఉంటుందో చూడాలంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు బీపీ రోగులతో కాసేపు మాట్లాడితే చాలు. ‘ఒకపాలి మొదలెడితే జన్మంతా వాడాల’, ‘వేడి చేస్తాది’, ‘బిళ్లలకే కిడ్నీలు పోతాయి’ అంటారు. ఈ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, ఆ మాట వింటేనే గుండె జారుతుంది కాబట్టి ఆ చివరి భయం తేలిగ్గా పోయేది కాదు. నిజానికి బీపీని అదుపులో ఉంచడమే కిడ్నీలకి కాపుదల. విచిత్రమేంటంటే, బీపీ బిళ్లకి భయపడే మనిషే ఒళ్లునొప్పులకి షాపులో డైక్లోఫెనాక్ అడిగి తీసుకుంటాడు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి నిజంగా కీడు చేసేది అదీ!

ఇంట్లోవాళ్లది మతిమరుపా, అనుమానమా అన్నది ‘బిళ్లలు వేసుకుంటన్నావా?’ అని అడిగితే బయటపడదు. వేసుకుంటన్నానమ్మా అనే జవాబే వస్తుంది. ‘ఎవరికైనా ఒకటో రెండో తప్పుతాయి, పోయిన వారంలో నీకెన్ని తప్పేయి?’ అని అడిగితే తప్పు ఒప్పుకున్నట్టుండదు, అంకె బయటికొస్తుంది. స్ట్రిప్‌లో మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి పోల్చండి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు మూడు రోజులే శ్రద్ధగా వేసుకునేవాళ్లు చాలామంది. ఆ రోజు బీపీ బాగుంటుంది, నెలంతా ఉండదు. అన్ని బిళ్లలూ అక్కడక్కడా తప్పుతుంటే మతిమరుపు. ఒకే మందు మాత్రం అలాగే మిగిలిపోతుంటే దాని మీద ఏదో అనుమానం ఉన్నట్టే. అక్కడ డబ్బా కొనడం దండగ.

ఇక వస్తువు సంగతి. మూతల మీద ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, అందులో రెండు ఎస్‌లు, రెండు టీలు. చెరగని మార్కరుతో ఆ, సో, మం, బు, ల, శు, శని అని రాసి పైన సెల్లోటేపు అంటించండి, లేకపోతే చేతి చెమటకి వారంలో పోతుంది. చదువు రానివాళ్లకి పూటకో రంగు. కీళ్లవాతం ఉన్న వేళ్లకి గట్టి మూత రాదు. షాపులోనే వాళ్ల చేత తెరిపించి చూడండి. మరీ వదులైతే సంచిలో మూతలు తెరుచుకుని అన్ని పూటలూ కలిసిపోతాయి. ఏ రోజు పలక ఆ రోజు ఊడివచ్చేది మేలు, పొలానికో పెళ్లికో అదొక్కటే పట్టుకెళ్లొచ్చు. పిల్లలకి తెరవరాని మూత వీటిలో చాలావాటికి ఉండదు, అందుకే అటకెత్తున పెట్టాలి.

అసలు లోపం తేమ. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో విడి బిళ్లలకి ఈ డబ్బా రక్షణ కాదు. బీపీకి ఎక్కువగా రాసే టెల్మిసార్టాన్ తేమని పీల్చుకుంటుంది, మింగే ముందే రేకు విప్పాలి. డయాలసిస్ రోగుల సెవెలమెర్, మూర్ఛకిచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ కూడా అంతే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ దాని సీసాలోనే ఉండాలి. కత్తిరించిన రేకుముక్కతోనే గదిలో వేయొచ్చుగా అంటారు. లోతైన గదులున్న డబ్బా అయితే వేయొచ్చు, కానీ చూపు ఆనని పెద్దవాళ్లు రేకుతో సహా మింగిన సందర్భాలు వైద్యులకి తెలుసు, ఆ మొనలు అన్నవాహికని కోస్తాయి. అలాంటివాళ్లుంటే టెల్మిసార్టాన్ స్ట్రిప్‌ని విడిగా ఉంచి, గదిలో గుర్తుగా రంగు చీటీ పెట్టండి.

నింపేటప్పుడు రోజువారీగా కాదు, మందువారీగా నింపాలి. ఒక స్ట్రిప్ తీసి ఏడు రోజుల గదుల్లో వేసి, దాన్ని పక్కన పెట్టాకే రెండోది ముట్టాలి. చివర ప్రతి గదిలో అంకె సరిపోయిందో లేదో ఇంకొకరు చూడాలి. థైరాయిడ్ బిళ్ల పరగడుపున, టిఫిన్‌కి కనీసం అరగంట ముందు. ఐరన్, కాల్షియం దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి కాబట్టి అవి ఒకే గదిలో పడకూడదు. కీళ్లవాతానికి వారానికొక్కసారే వేసే మెథోట్రెక్సేట్ ఈ డబ్బాలోకి రాకూడదు. రోజూ పడితే ప్రాణం మీదికొస్తుంది.

డబ్బా ఎక్కడ పెట్టామన్నదే సగం పని. ‘మర్చిపోకుండా వేసుకో’ అనే సలహా కన్నా ‘ఫలానాది జరగ్గానే ఇది చేస్తాను’ అనే షరతు పని చేస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చూపించాడు. టిఫిన్ తర్వాత అని చీటీలో ఉంటుంది. తెల్లారకుండా చోడి (రాగి) అంబలి తాగి జీడితోటకి పోయేవాళ్లకి టిఫిన్ ఎక్కడ? ‘అంబలి గ్లాసు కింద పెట్టగానే మెట్‌ఫార్మిన్ (సుగర్ బిళ్ల)’ అని వాళ్ల నోటితోనే చెప్పించి, డబ్బాని అంబలి కుండ పక్కనే, తడి తగలకుండా పెట్టాలి. టీవీ మీద పెడితే రాత్రి సీరియల్ దాకా ఎవరూ చూడరు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటేమీ చెడలేదు. కాబట్టి ఒక పూట తప్పిందని ముసలామెను సాధించకండి, మర్నాడు రెండు కలిపి వేయనూ వద్దు.

ఒక హెచ్చరిక షాపువాడు చెప్పడు. మందులు సగం మింగుతున్న మనిషికి బీపీ తగ్గలేదని డాక్టరు మోతాదు పెంచి ఉండొచ్చు. డబ్బా వచ్చాక అన్నీ పడితే బీపీ, సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మొదలెట్టే ముందు, ఇన్నాళ్లూ ఎన్ని తప్పాయో డాక్టరుకి నిజం చెప్పాలి. మొదటి రెండు వారాలు కళ్లు తిరగడం, చెమటలు గమనించాలి. కార్తీక సోమవారం ఉపవాసం సంగతి డబ్బాకి తెలీదు. ఆ పూట సుగర్‌ని తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోండి.

అనుమానం ఉన్నవాళ్ల దగ్గర ఉపన్యాసం పనిచేయదు. ఆశా కార్యకర్తలు కూడా వాడదగిన పద్ధతి ఒకటుంది: ముందు అడగడం, అనుమతి తీసుకుని ఒక్క సంగతి చెప్పడం, మళ్లీ అడగడం. ‘ఈ బిళ్ల గురించి ఏటనుకుంటన్నారు?’ అని మొదలెట్టి, జవాబు పూర్తిగా విని, ‘ఒకటి చెప్పమంటారా?’ అని అడిగి, చెప్పాక ‘ఇప్పుడేటనిపిస్తంది?’ అనాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో తాగుడు మాన్పించే చికిత్సలో రాసిన పద్ధతికి ఇది దగ్గరిది. వాదించేకొద్దీ మనిషి తన పాత మాటనే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

అలారం మోగే ఎలక్ట్రానిక్ డబ్బాల జోలికి పోనక్కర్లేదు. ధర చాలా ఎక్కువ, బ్యాటరీ మార్చేవాళ్లు ఇంట్లో ఉండరు. పైగా అది ఇంట్లో మోగే వేళకి మనిషి తోటలో ఉంటాడు.